ఈ ఇంటి మీది కాకి

మా సారు పోయిండు.

పొద్దుగాల దుకాణం షట్టర్ సగం లేపిన్నో లేదో, మా ట్రాలీ నడిపే డ్రైవర్ రోడ్డు అటుదిక్కుకెళ్ళి ఉరికొచ్చిండు. కాళ్ళకు చెప్పులు గూడ లెవ్వు. "అన్నా, సారు..." అని ఆగిండు. నాకు సమజైపోయింది. గప్పుడు ఏడుపు రాలే గాని, సారు ఎన్నడో చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. "గ్రీసు నాటకాలల్ల చావును స్టేజీ మీద చూపెట్టరు సేటూ. అది లోపట ఏడనో అయిపోతది. ఒకడు ఉరికొచ్చి చెప్తడు. చెప్పెటోని మొకంలనే మనం మొత్తం చూసుకోవాలె." గట్లనే అయింది. మా డ్రైవర్ మొకంలనే చూసిన నేను.

నేనెవ్వలో తెల్వనోళ్ళకు చెప్తున్న. శంషాబాద్‌ల నాది చిన్న టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్త. పెండ్లికి గవ్వే కుర్చీలు, చావుకు గవ్వే కుర్చీలు, బట్ట కవర్లు మారుస్తం అంతే. సారు డిగ్రీ కాలేజీల ఇంగ్లీషు చెప్పి రిటైరైండు. ఇది చదివెటోళ్ళల్ల చానమంది ఆయన కాడ చదువుకున్నోళ్ళే ఉంటరు. నేను చదువుకోలే. నాది పదో తరగతితోనే సరి. గాని రిటైరైనంక సారు రోజూ పొద్దుమీకి నా దుకాణంల వచ్చి కూసుంటుండె. మీకు పీరియడ్‌కు ఇంత అని చెప్తే, నాకు ఏండ్లకు ఏండ్లు చెప్పిండు. ఫీజు కింద ఒక చాయ్.

మీరంతా ఎనుకకెళ్ళి ఆయన్ను "గ్రీజు సారు" అంటుంటిరి గదా, ఆయనకు ఎరుకే. గా పేరు నేను గూడ పెట్టబోయిన. మొదటి దినం వచ్చి కూసొని, "నాకు గ్రీసు అంటే పానం" అన్నడు. నేను కుర్చీలు లెక్కవెట్టుకుంట, తల గూడ ఎత్తకుంట, "గ్రీజు పక్కన హార్డ్‌వేర్ దుకాణంల దొర్కుతది సారూ, మన కాడ ఉండదు" అన్న. సారు నవ్వుడు చూడాలె. కండ్లద్దాలు తీసి అంగీ కొసతోని తుడ్సుకుంట, మల్ల నవ్వుకుంట, మల్ల తుడ్సుకుంట. గా దినంసంది నన్ను సేటూ అని పిలుస్తుండె. నాకున్న సేటుతనం ఏంటిదో మీ అందరికీ ఎర్కే.

ఆయన కుర్చీ వేరే ఉంటుండె. ఒక చెయ్యి ఇరిగిన ఎర్ర కుర్చీ. కిరాయికి పోదు గది, అందుకే ఎప్పుడూ ఖాళీ. చాయ్ సాసర్ల ఒంపుకొని తాగుతుండె. ఇంగొకటి, మీ క్లాసుల గూడ చేసిండో లేదో తెల్వది. మా మీదికెళ్ళి ఇమానం పోతే మాట ఇనపడదు గదా. మనమైతే గట్టిగ ఒర్రుతం. సారు ఒర్రకపోతుండె. ఏలు ఒకటి పైకి లేపి, యాడ మాట ఆగిందో ఆడనే ఆపి, ఇమానం పోయెదాంక చూసి, సరిగ్గ గదే మాటకెళ్ళి మల్ల మొదలువెడుతుండె. ఒక్కపారి "రాజు కండ్లు" అని ఆగిండు. ఒకదాని ఎన్క ఒకటి రెండు ఇమానాలు పోయినయ్. పోయినంక "పొడుసుకున్నడు" అన్నడు.

గా కథ సారు ఎన్నిపార్లు చెప్పిండో. ఊర్లె రోగమొచ్చి జనం సస్తున్నరు.

"ఏ ఊరు సారూ?"

"షాద్‌నగర్ అనుకో."

"అనుకున్న."

"ఎవడో పాపం చేసిండు, గందుకే రోగమని తెల్సింది. రాజు అందరి ముంగట ఒట్టువెట్టిండు. గా పాపం చేసినోడు ఎవ్వడన్న గానీ, వానికి ఎవ్వలు నీళ్ళియ్యొద్దు, ఎవ్వలు కడప తొక్కనియ్యొద్దు అన్నడు. ఎతికి ఎతికి చూస్తే చేసింది తనే."

"తెల్సి చేసిండా?"

"తెల్వక."

"తెల్వకపాయె, మరి పాపమెట్లైతది సారూ?"

సారు సాసర్ కింద పెట్టి నా దిక్కు చూసిండు. "వేల ఏండ్లసంది అందరు గదే అడుగుతున్నరు సేటూ. నువ్వు ఇయ్యాల అడిగినవ్" అన్నడు. నన్ను మెచ్చుకున్నడో, ఎక్కిరించిండో ఇప్పటికీ తెల్వదు.

ఇంగో ముచ్చట చెప్తుండె. గా నాటకాలల్ల పెద్ద పెద్దోళ్ళు కొట్లాడుకుంటుంటే, పక్కకు ఊరోళ్ళ గుంపొకటి నిలవడి ఉంటదంట. వాళ్ళకు అన్నీ ఎరుకే. అయ్యో అంటరు, పాట పాడ్తరు, ఏడుస్తరు. ఆపనీకి మాత్రం ఒక్కడు ముంగటికి రాడు. "అగ్గో, వాళ్ళే నీ కుర్చీలల్ల కూసునేటోళ్ళు" అంటుండె. నేను నవ్వుతుంటి. "కుర్చీలు నావి గాని, మనుషులు నావి గాదు సారూ" అంటుంటి.

చెడ్డోళ్ళ కథలు సారుకు నచ్చకపోతుండె. "చెడ్డోనికి కష్టమొస్తే ఏడ్సనీకి ఏమున్నది? గీ కథలల్ల పడిపోయెటోడు మంచోడే. జర మొండోడు. గా 'జర' కాడనే కథంతా ఉంటది." గిది ఆయన మాటలల్ల నాకు బాగ యాదున్న మాట. ఎందుకంటే సారు గూడ మంచోడే. జర మొండోడు.

ఇగ అసలు సంగతి చెప్పాలె. సారు ఇంటి ముంగట మొన్న జరిగింది సమజ్ గావాల్నంటే ఇది చెప్పకుంట అయ్యెటట్టు లేదు.

సారుకు ఒక తమ్ముడు. వీళ్ళ నాయిన తొందరగ పోతే, తమ్ముణ్ణి సారే సాకిండు. సైకిల్ మీద కూసోవెట్టుకొని బడికి తోల్కపోయిండు, పెండ్లి జేసిండు. తమ్మునికి అన్న మాటంటే దేవుని మాట లెక్క. సారు వాటా భూమి ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పుడే పోయింది. మిగిలింది తమ్ముని వాటా. గండ్లనే గెట్టు పొంటి అమ్మనాయినల సమాధులు పక్కపక్కకు ఉండె. సారు పండుగ పండుగకు పోయి సున్నమేసి వస్తుండె. సుట్టుముట్టు అన్ని చెల్కలు ప్లాట్లైపోయినయ్. తమ్ముని చెల్కకు పోనీకి బాట గూడ మిగల్లే. గాయన ఎన్ని దినాలని ఆపుతడు? ఆయన గూడ ప్లాట్లు జేసే వెంచరోళ్ళకు ఇచ్చేసిండు. అన్నకు చెప్పనీకి ధైర్యం చాలలే.

వెంచర్ పూజ దినం షామియానా నాదే. గందుకే నేనాడ ఉన్న. చాయ్ హోటల్ కాడ ఎవడో సారుతోని అన్నడంట, మీ చెల్కల మిషిన్ నడుస్తుందని. సారు ఉరికొచ్చిండు. సమాధులున్న తావు సాపుగ ఎర్రమన్ను. అంతే. ఏం లేదు ఆడ. తమ్ముడు ఎదురొచ్చి, "అన్నా, జర ఇను, నేను చెప్పేది..." అన్నడు.

"చెప్పకు" అన్నడు సారు. గొంతు గూడ పెద్దగ జెయ్యలే. "ఇయ్యాల్టికెళ్ళి నీ ఇంటి మీది కాకి నా ఇంటి మీద వాలొద్దు."

కోపంల మన పెద్దలు అనే మాటనే గిది. ఇయ్యాల అంటరు, రెండు నెలలకు పెండ్లో చావో వస్తది, కలుస్తరు. సారు మర్వలే. తమ్ముడైతే అసలే మర్వలే. అన్న నోట్లెకెళ్ళి వచ్చిన మాట గదా, ఆయన దాన్ని పట్టుకొని కూసున్నడు. ఇల్లు గూడ శంషాబాద్‌కెళ్ళి తీసి రాజేంద్రనగర్ దిక్కు కాలనీల కట్టుకున్నడు. గా పూజ దినం మేమంతా ఆడ నా కుర్చీలల్ల కూసునే ఉన్నం. అయ్యో అన్నం.

ఏండ్లు గడ్సినయ్. ఒక పెండ్లిల ఇద్దరు ఒక్క బంతిల పడ్డరు. నడుమ ఎనిమిది పదిమంది ఉంటరు. అందరు ఒకటే చూసుడు, ఏమైతదో అని. ఏం గాలే. వడ్డించే పోరడు మిర్పకాయ తొక్కు పట్టుకొని వస్తుంటే, తమ్ముడు ఇస్తరి దిక్కే చూసుకుంట మెల్లగ అన్నడు, "ఆడ కండ్లద్దాలాయనకు తొక్కు ఎయ్యకు. కడుపుల మంట ఆయనకు." పోరడు సారు కాడికొచ్చి గట్టిగ, "తాతా, నీకు తొక్కు వద్దంట!" అన్నడు.

"ఎవలన్నరు?"

"అగ్గో, గాయన."

సారు చెయ్యి జర ఆగింది. "ఎయ్యి" అన్నడు. ఏపిచ్చుకున్నడు, తిన్నడు. గా మాపటికి దుకాణంల కడుపు పట్టుకొని మజ్జిగ తాగుకుంట కూసున్నడు. నేను, "ఎందుకు తిన్నవ్ సారూ?" అంటే, "గాడు ఇంక యాది పెట్టుకున్నడు సేటూ" అన్నడు. కోపంగనే అన్నడు. గాని గా కోపం మొకం మీద నిలవలే.

ఇగ ఆ పొద్దుమీకి ముచ్చట. సారు గ్రీసు కథే చెప్తున్నడు. చచ్చిపోయిన తోడవుట్టినోనికి ఎవ్వలు మన్ను పొయ్యొద్దని రాజు ఉత్తర్వు వేస్తే, పిడికెడు మన్ను చల్లనీకి పానమిచ్చిన ఆడపిల్ల కథ. మా డ్రైవర్ ట్రాలీల కుర్చీలు ఎక్కిస్తున్నడు. నా కాడికి రాకముందు వాడు జేసీబీ నడ్పెటోడు. కథ ఇని, ఉన్నట్టుండి, "సారూ, కోప్పడనంటే ఒక్కటి చెప్తా" అన్నడు.

"చెప్పురా."

"గా వెంచర్ల మిషిన్ నడ్పింది నేనే."

నేను వాని దిక్కు గుర్రుగ చూసిన. సారు తొణకలే. "నడ్పితే నడ్పినవ్. నీ పని గది."

"గట్ల గాదు సారూ. నేను గెట్టు కాడికి వచ్చేసరికే ఆడ సమాధుల్ లెవ్వు. మీ తమ్ముడు ముందు దినమే..." అని నా మొకం చూసి ఆగిండు.

"ఏయ్, కుర్చీలు ఎక్కియ్ పో" అన్న నేను.

"ఆగు సేటూ. చెప్పనీయ్ వాణ్ణి. ముందు దినం ఏంది?"

"ఒక్కడే గడ్డపార పట్టుకొని తవ్వుకున్నడు సారూ. గా దినం మిషిన్ దించనీకి పోయిన నేను, ఇది పెడ్తే అరగంటల అయిపోతది పటేలా అన్న. 'మా అమ్మనాయినరా, ఇనుప పండ్లతోని తీస్తవా' అన్నడు. మొత్తం తీసి, తెల్ల బట్టల కట్టి, నెత్తి మీద పెట్టుకొని నడ్సుకుంట పోయిండు. మొకమంత మన్ను, ఏడ్సుకుంట."

"యాడికి?"

"ఇడిసిపెట్టుండ్రి సారూ ఇగ."

"యాడికిరా?"

వాడు భయపడ్డడు. "మన వైకుంఠధామంకే. గోడ పొంటి యాపచెట్టు లేదా, గా చెట్టు కింద పూడ్చిండు. మీకు తెల్సనుకున్న సారూ."

గా యాపచెట్టు మన శ్మశానం గోడకు లోపట. నీడ బయటికి పడ్తది. గోడకు బయట సిమెంట్ బల్ల ఒకటి ఉంటది. సారు రోజు పొద్దుగాల నడిసొచ్చి గా నీడల, గా బల్ల మీదనే కూసునేది. ఇన్ని ఏండ్లు. గోడ ఒక్కటే అడ్డం.

ఇమానం ఒకటి పోయింది మీదికెళ్ళి. సారు ఏలు లేపలే. "వాళ్ళ పక్కకే కూసొని, వాళ్ళకోసం ఏడ్సిన సేటూ" అన్నడు. కండ్లద్దాలు తీసిండు గాని తుడ్వలే, చేతులనే పట్టుకొని కూసున్నడు. "కథ చెప్తున్ననుకున్న ఇన్ని దినాలు. నేనే కథల ఉన్న."

అప్పుడన్న పోయి కలిస్తే అయిపోవు గదా అంటరు మీరు. మేమూ గదే అన్నం. పోయినం గూడ. మొదటిపారి ట్రాలీల నా పక్కకు కూసోవెట్టుకొని తీస్కపోయిన. ఆరాంఘర్ చౌరస్తా కాడ చాయ్ తాగుదాం అన్నడు. తాగినంక, "ఇయ్యాల వద్దు సేటూ, మర్లేయ్" అన్నడు. మర్లేసిన. రెండోపారి ఆరాంఘర్ కాడ ఆపలే నేను, కావాల్నని. తోవ పొంటి సారు చిన్నపిల్లగాడు పద్యం వల్లె వేసినట్టు అనుకుంటనే ఉన్నడు. "తమ్మీ, నాది తప్పయ్యింది. నా మాట నేను తీస్కుంటున్న." నాకు ఇనిపిస్తుండె. "మంచిగుంది సారూ, గంతే అను, ఇగ ఎక్కువ మాట్లాడకు" అన్న.

గేటు కాడ దిగినం. తమ్ముని ఇంటామె బయటికొచ్చి, సారును చూసి కొంగు నెత్తి మీద కప్పుకొని, "బావా, లోపటికి రా బావా" అన్నది. ఏడుస్తనే ఉన్నది ఆమె. సారు గేటు పట్టుకొని నిలవడ్డడు. తమ్ముడు వరండలకు వచ్చిండు. ఆయన గూడ ఆడనే ఆగిండు. ఇద్దరి నడుమ నాలుగు పూలకుండీలు. అంతే దూరం.

సారు నోరు తెరిసిండు. నేను లోపట లోపట అంటున్న, తప్పయ్యిందను సారూ, తప్పయ్యిందను.

"గప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నడు సారు.

లెక్చరర్ గదా. ముప్పై ఏండ్లు పిల్లగాండ్లను నిలవెట్టి అడుగుడే అలవాటు. గదే గొంతు వచ్చింది బయటికి. ఆయనకు గూడ ఇనపడ్డది, గా మాట ఎట్లొచ్చిందో.

తమ్ముడు తల వంచుకున్నడు. "చెప్పబోతే చెప్పకన్నవ్ అన్నా. చెప్పలే. కాకి వాలొద్దన్నవ్. రాలే. నువ్వు ఏదంటే గది జేసిన, చిన్నప్పట్సంది" అన్నడు. కోపం లేదు ఆ గొంతుల. గదే నాకు భయమైంది. కోపముంటే ఏదన్న చేస్తం, మర్యాదను ఏం జేస్తం? జర ఆగి లోపటికి పోయిండు. తలుపు గట్టిగ గూడ ఎయ్యలే. మెల్లగ పెట్టిండు.

వచ్చేటప్పుడు సారు ఆరాంఘర్ దాటినంక అన్నడు. "తెల్సుడు వేరే, ఆగుడు వేరే సేటూ. వాళ్ళందరి కథలు నాకు తెల్సు. మాట యాడ జారిందో, యాడ మర్లితే బతుకుదురో, అన్నీ గీతలు గీసి చెప్పిన పిల్లలకు. గేటు కాడ ఒక్క మాట ఆపుకోలేకపోయిన."

"వచ్చే ఐతారం మల్ల పోదాం సారూ" అన్న.

"పోదాం" అన్నడు.

వచ్చే ఐతారం పెండ్లిల్లుండె. నాకు ట్రాలీ ఖాళీ లేదు. ఆటోల పోదాం సారూ అంటే వద్దన్నడు. తర్వాత ఐతారం ఆయనకే మోకాళ్ళ నొప్పులు. గిట్ల ఐతారాలు పోతనే ఉన్నయ్. దుకాణంల కూసునుడు ఆపలే గాని, గ్రీసు కథలు చెప్పుడు ఇడిసిపెట్టిండు. నేనే అడిగిన ఒకపారి. "వాటిల్ల ఆఖరికి ఏమైతది సారూ? ఎవలన్న బతికి బయటపడ్తరా?" సారు సాసర్ల చాయ్ ఊదుకుంట, "బతుకుతరు. గుంపు బతుకుతది" అన్నడు. గదే ఆఖరు కథ. అందాజ నెల దినాలకు నిద్రలనే గుండె ఆగింది. దవాఖానకు తీస్కపోయే పని గూడ పెట్టలే ఎవ్వలకు.

సారుకు పిల్లల్లెవ్వు. ఇంటామె ఒక్కతే, మేమంతా అమ్మా అంటం. నేనే పోయి షామియానా కట్టిపిచ్చిన. కుర్చీలకు తెల్ల కవర్లు ఏపిచ్చిన. చెయ్యి ఇరిగిన ఎర్ర కుర్చీ గూడ పొరపాటున ట్రాలీల వచ్చింది, దాన్ని మూలకు పెట్టిన, ఎవ్వల్ని కూసోనియ్యలే. మీలో చానమంది వచ్చిండ్రు. రోడ్డు పొంటి బండ్లే బండ్లు.

తమ్ముడు వచ్చిండు. షామియానా లోపటికి రాలే. బయట ఎండల, గుంజ పక్కకు నిలవడ్డడు. నేను పోయి, "లోపటికి రా పటేలా, నీ అన్ననే గదా" అన్న.

"అన్న వద్దన్నడు గదా" అన్నడు. మల్ల నా చెయ్యి పట్టుకొని, చిన్నగ అడిగిండు. "నువ్వు అన్న పక్కకు కూసునేటోనివి గదా. చెప్పు, మనిషి పోతే మాట గూడ పోతదా?"

నేనేం చెప్పాలె? సారు ఉంటే చెప్తుండె. గుంపులోన్ని నేను. అయ్యో అన్న.

ఆఖరికి అమ్మనే లేసొచ్చింది. మరిది చెయ్యి పట్టుకొని సారు దగ్గరికి తీస్కపోయి కూసోవెట్టింది. యాపచెట్టు కిందనే తవ్విపిచ్చినం, అమ్మనాయినల పక్కకు. మొదటి పిడికెడు మన్ను తమ్ముడే పోసిండు. పిడికిలి ఇప్పనీకి చానసేపు వట్టింది ఆయనకు. ఇద్దరు ముగ్గురు ఏలు ఏలు ఇడిపించిండ్రు.

మూడొద్దులకు పిట్టకు పెట్టిండ్రు. కాకొచ్చి ముడితే పోయినోని మనసు తీరినట్టు. సారుకు ఇష్టమైనవి అన్నీ అమ్మనే వండింది. అన్నం, పచ్చిపులుసు, నాటుకోడి కూర. నేను సాసర్ల చాయ్ పోసి తెచ్చిన. పొద్దుగాల యాపచెట్టు కాడ పెడ్తే ఒక్క పిట్ట వాలలే. "గీడ యాడ వాల్తయ్? ఇమానాలకు అడ్డమొస్తయని పటాకులు కాల్చి ఎల్లగొడ్తరంట పిట్టలను" అన్నడు ఒకాయన. "పటాకులు గాదు, మనసుల ఏదో పెట్టుకొని పోయిండు" అన్నది ఒక ముసలమ్మ. ఇస్తరి ఇంటికి తెచ్చి డాబా మీద పిట్టగోడ మీద పెట్టినం.

కాకి వచ్చింది. నేను కండ్లార చూసిన. పక్కింటి నీళ్ళ ట్యాంక్ మీద వాలింది. మెడ వంచి ఇస్తరి దిక్కు చూసింది. అమ్మ రెండు చేతులు జోడిచ్చి, "నా గురించి రంది పెట్టుకోకు, నేను మంచిగుంట" అన్నది. రాలే. సుట్టాలు ఒక్కొక్కరు ఏదో ఒకటి మొక్కిండ్రు. రాలే. ఇగ అందరు తమ్ముని దిక్కు చూసిండ్రు. ఆయన పిట్టగోడ కాడికి పోయి, చిన్నప్పుడు సైకిల్ ఎన్క కూసొని పిలిసినట్టు పిలిసిండు.

"అన్నా. ఒక్కపారి నీ మాట తీస్కోయే. ఒక్కపారి."

కాకి ట్యాంక్ మీదకెళ్ళి లేసింది. మా అందరి పానాలు లేసినయ్. ఆ ఇంటి పిట్టగోడ మీద వాలింది. ఈ ఇంటి దిక్కు రాలే.

నాకు తోచిందొక్కటే. కింద షామియానా రంగు గుడ్డ గాలికి కొట్టుకుంటుంది, గందుకే బెదురుతుందేమో అనుకున్న. డాబా మీదికెళ్ళి ఒర్రిన, "దించుండ్రిరా, మొత్తం దించుండ్రి!" మా డ్రైవర్, ఇంగో ఇద్దరు తాళ్ళు ఇప్పిండ్రు. గుడ్డ కింద పడ్డది. ఉట్టి గుంజలు మిగిలినయ్. కుర్చీలల్ల కూసున్నోళ్ళంత ఎండల పడ్డరు, ఒక్కడు గూడ లేవలే, అందరు మొకాలు పైకెత్తి చూస్తనే ఉన్నరు. ఎవలో "అరే, ఇప్పుడొస్తది చూడు..." అంటున్నరు.

గప్పుడే ఇమానం వచ్చింది మీదికెళ్ళి. తక్కువ ఎత్తుల, పెద్ద చప్పుడుతోని. అందరి మాట ఆడికాడనే ఆగింది. కాకి లేసి ఎటో పోయింది. పిట్టగోడ మీద సాసర్ల చాయ్ మీద మీగడ కట్టింది. తమ్ముడు చేతులు చాపి ఇస్తరి ముంగట నిలవడే ఉన్నడు.

ఇమానం పోయింది. ఎవ్వలు మాట మల్ల మొదలువెట్టలే.